ఫ్యూజు పీకేలోపు పదిహేను రోజులు: పేద ఇళ్ళ కరెంటు బిల్లులకి అత్యవసర సాయం ఇంకా ఎంతమందికి అందించగలం?

మర్రిపాలెం మేడ | 2025 మే 11, ఆదివారం, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. విరాళాలు అడగడానికి కాదు, సలహా కోసం రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నిరుడు మే నెలలో మా ఇంట్లో పనిచేసే అమ్మాయి రెండ్రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, "అమ్మా, మీ ఫ్రిజ్‌లో ఒక డబ్బా పెట్టుకోనా" అని అడిగింది. చిన్న స్టీలు టిఫిన్ డబ్బా. మూత తీస్తే తడిగుడ్డలో చుట్టిన ఇన్సులిన్ సీసాలు రెండు. వాళ్ళాయనవి. ఇంటికి కరెంటు తీసేసి అప్పటికి మూడు రోజులు. మట్టికుండలో సగం దాకా నీళ్ళు పోసి, అందులో గ్లాసు నిలబెట్టి, ఆ గ్లాసులో సీసాలు పెట్టి కాపాడుకుంటూ వచ్చింది. గుడ్డ ఎండిపోకుండా రాత్రి లేచి తడిపేదట. ఇక్కడే విశాఖలో, కంచరపాలెం వైపు కొండవాలులో ఉంటారు. బాకీ ఎంతమ్మా అంటే రెండు నెలలది కలిపి పందొమ్మిది వందల చిల్లర. మేస్త్రీ పనికి వెళ్ళే మనిషి కాలికి పుండు పడి నెలన్నర ఇంట్లో ఉండిపోయాడు, అంతే కారణం.

ఆ వారమే మా అపార్టుమెంటులో కొందరం కూర్చుని మాట్లాడుకున్నాం. 64 ఫ్లాట్లలో 41 మంది నెలకి వంద రూపాయలు ఇస్తామన్నారు. ఎవరి చేతికీ డబ్బు ఇవ్వం. సర్వీసు నంబరు తీసుకుని మేమే ఫోన్లో కట్టేసి రసీదు పంపిస్తాం. ఒక ఇంటికి ఏడాదికి ఒక్కసారి, రెండు వేలకి మించకుండా. ఈ ఏడాదిలో ఇరవై మూడు ఇళ్ళకి కట్టాం. 49,200 వస్తే 42,800 ఖర్చయింది, 6,400 మిగిలింది.

ఇప్పుడు ఇబ్బంది ఏమిటంటే, ఈ వేసవిలో మాట ఊరంతా పాకింది. నిన్నటికి తొమ్మిది ఇళ్ళ వాళ్ళు అడిగారు, అందులో ఆరు మా చుట్టుపక్కలవి కావు. చుట్టూ ఉన్న అపార్టుమెంట్లని కలుపుకుని పెంచాలని ఉంది. ఎవరికి ముందు ఇవ్వాలి? మీటరు తమ పేరున లేని అద్దెవాళ్ళని ఏం చెయ్యాలి? అసలు ఇది మనలాంటి వాళ్ళం చందాలేసుకుని చేసే పనేనా, లేక ప్రభుత్వాన్ని అడగాల్సిందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


సీతంపేట అక్క | ఉదయం 8.05

చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. మా బ్లాకులో ఇరవై ఫ్లాట్లు. ఇవాళ సాయంత్రం అడిగి చెప్తాను, పదిమందైనా కలుస్తారు.


రిటైర్డ్ క్యాషియర్ | ఉదయం 9.15

మీ మనసు మంచిదమ్మా, కాదనను. కానీ అనుమానం ఉన్నప్పుడు చెప్పకపోవడం తప్పు. ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో ఉండే పేద కుటుంబాలకి 2019 నుంచి నెలకి 200 యూనిట్ల దాకా ఉచితం. మిగతావాళ్ళకి కూడా మొదటి 30 యూనిట్లు రూపాయి తొంభై పైసల చొప్పునే. ఇంత చేశాక కూడా బాకీ పడ్డారంటే కొంత అలవాటు ఉండదంటారా? ఎవరో కడతారని తెలిస్తే, ఇన్నాళ్ళూ కట్టినవాళ్ళూ మానేస్తారు. బ్యాంకు కౌంటర్లో జీవితమంతా గడిపాను. మొండి బాకీ ఎలా మొదలవుతుందో నాకు తెలుసు.


పాత లైన్‌మన్ | ఉదయం 10.50

క్యాషియర్ గారూ, మీరు కౌంటరు లోపల నుంచి చూశారు, నేను గుమ్మంలో నిలబడి చూశాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ ఊళ్ళోనే స్తంభాలెక్కి 2019లో దిగిపోయాను.

గడువు దాటినవాళ్ళ లిస్టు చేతికిస్తారు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి భుజాన సంచిలో పింగాణీ ఫ్యూజు క్యారియర్లు ఇరవై, ముప్ఫై పోగయ్యేవి. ఒక్కోదానికి సర్వీసు నంబరు రాసిన చీటీ దారంతో కట్టేవాణ్ణి, మళ్ళీ పెట్టేటప్పుడు తారుమారు కాకుండా. మొండి బాకీదారుని మేం ఇట్టే గుర్తుపడతాం. ఫ్యూజు పీకిన గంటలో తీగముక్క వేసి వెలిగించేసుకుంటాడు. నిజంగా కట్టలేనివాళ్ళు ఏమీ చెయ్యరు, చీకట్లో కూర్చుంటారు. "బాబూ, పాప పరీక్షలు, రెండ్రోజులాగు" అంటారు. అలాంటి ఇళ్ళు చాలావరకు ఏళ్ళ తరబడి గడువులోపే కట్టినవే. ఆ ఒక్క ఏడాది ఏదో వచ్చి పడుతుంది. ఆయనకి జబ్బు చెయ్యడమో, పని పోవడమో, ఆడపిల్ల పురుడో.

అందుకే నా అనుభవంలో ఒక్క మాట. డబ్బు ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నది ముఖ్యం. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 56 ప్రకారం, రాతపూర్వకంగా నోటీసిచ్చి పూర్తిగా పదిహేను రోజులు ఆగితే గానీ కనెక్షన్ తియ్యకూడదు. బిల్లు కాగితం మీద కట్టాల్సిన ఆఖరు తేదీ, కనెక్షన్ తీసే తేదీ రెండూ ఉంటాయి, చాలామంది మొదటిదే చూస్తారు. ఆ రెండింటి మధ్యలో మీ డబ్బు పడితే బిల్లు ఒక్కటే ఖర్చు. ఫ్యూజు పీకాక పడితే మళ్ళీ కలపడానికి ఫీజు అదనం, పైగా ఆ పూట పనికి సెలవు పెట్టి ఆఫీసు చుట్టూ తిరగాలి. మీ ఇరవై మూడు ఇళ్ళలో ఎన్నింటికి తీసేశాక కట్టారో ఒకసారి చూడండమ్మా.

అదే సెక్షన్‌లో ఇంకోటుంది. బిల్లులో తప్పుందని గొడవ ఉంటే, అడిగిన మొత్తాన్నో లేదా గడిచిన ఆరు నెలల సగటు బిల్లునో, ఏది తక్కువైతే అది, అభ్యంతరం రాసి కట్టేస్తే తగువు తేలేదాకా కనెక్షన్ తియ్యడానికి వీల్లేదు. ఒక్కసారిగా నాలుగైదు వేల బిల్లు వచ్చిన ఇళ్ళకి ఇది పనికొస్తుంది. అప్పుడు మీ రెండు వేలతోనే ఇల్లు నిలబడుతుంది.


మర్రిపాలెం మేడ | ఉదయం 11.30

గురువుగారూ, ఇప్పుడే పుస్తకం తీసి చూశాను. ఇరవై మూడులో పదిహేడు ఇళ్ళకి తీసేశాకే కట్టాం. మాదాకా వచ్చేసరికే ఆలస్యమైపోతోంది. మేం అనుకున్నదానికంటే పెద్ద తప్పు ఇదే.


జాలారిపేట అమ్మాయి | మధ్యాహ్నం 1.20

మాది పెదజాలారిపేట. డిగ్రీ రెండో సంవత్సరం. పైన డబ్బా సంగతి సదివి మాయమ్మకి సెప్తే ఆవిడ కూడా ఏడ్చినాది.

అలవాటు అన్నారు గదా సార్, మా సంగతి సెప్తాను వినండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బందు. 61 రోజులు బోటు కదలదు. చేపలు గుడ్లెట్టే కాలం గనక బందు పెట్టాల్సిందే, దానికి మేమేం అనం. అయితే ఆ రెండు నెలలే ఊళ్ళో ఎండలు, ఉక్క. రేకుల ఇంట్లో పగలంతా ఫ్యాను లేకపోతే మాయవ్వ బతకదు. రాబడి సున్నా అయిన నెలలోనే బిల్లు రెట్టింపు వస్తాది. మిగతా పది నెలలూ మేం కట్టట్లేదేటి?

ఈ ఏడు మత్స్యకార భరోసా పదివేల నుంచి ఇరవై వేలు చేశారు, మంచిదే. అయితే అది బోటు మీద వేటకెళ్ళేవోళ్ళకి. గంపెత్తుకుని చేపలమ్మే మాయమ్మలాంటోళ్ళకి, హార్బర్‌లో ఐసు మోసేవోళ్ళకి, వలలు బాగుచేసేవోళ్ళకి ఏటీ లేదు. మా నాన్న లేడు, గనక మా ఇంట్లోకి ఏటీ రాలేదు. బిల్లు 1,140 వచ్చినాది, 19వ తారీకున తీసేస్తారని రాసుంది. సాయం సెయ్యమని కాదు, ఎలగుంటాదో తెలియాలని రాశాను.


సీతంపేట అక్క | మధ్యాహ్నం 1.35

అమ్మా, సర్వీసు నంబరు ఇక్కడ పెట్టకు, మర్రిపాలెం మేడ గారికి విడిగా మెసేజ్ పెట్టు.


డాబాగార్డెన్స్ ట్యూషన్ మాస్టారు | మధ్యాహ్నం 2.50

ఉక్క నెలల్లో బిల్లు ఎందుకు అలా ఎగబాకుతుందో లెక్క వేసి చూపిస్తాను. 2022 ఏప్రిల్ నుంచి ఇళ్ళకి ఉన్న స్లాబులు ఇవి. 30 దాకా 1.90, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మామూలు నెలలో 110 యూనిట్లు కాల్చే ఇంటికి యూనిట్ల ఛార్జీ 349.50. మే నెలలో అదే ఇల్లు 210 కాల్చిందనుకోండి, 927. యూనిట్లు రెట్టింపు కూడా కాలేదు, డబ్బు రెండున్నర రెట్లు దాటిపోయింది. దీనిమీద ఇంధన సర్దుబాటు యూనిట్‌కి 40 పైసలు, వెనకటి ఏళ్ళ ఖర్చుల తేడాని ఇప్పుడు వసూలు చేసే ట్రూ అప్ వాయిదాలు, స్థిర ఛార్జీ, సుంకం వేరే.

ఎక్కువ కాల్చినవాడు ఎక్కువ కట్టాలన్న సూత్రం న్యాయమైనదే. ఒక్కచోట మాత్రం తలకిందులవుతోంది. ఒక ఓనరు కింద మూడు పోర్షన్లు, మీటరు ఒక్కటే. ఒక్కో కుటుంబం 110 యూనిట్లే కాలుస్తోంది. మీటరుకి తెలిసింది 330. దాని ఛార్జీ 1,935.75. మూడు మీటర్లుంటే ముగ్గురికీ కలిపి 1,048.50 అయ్యేది. అంటే పొదుపుగా బతికే మూడు పేద కుటుంబాలు, ఒకే మీటరు వెనక ఉన్నందుకు నెలకి 887 రూపాయలు ఎక్కువ కడుతున్నాయి. ఓనరు సబ్ మీటరు పెట్టి యూనిట్ పది రూపాయలు తీసుకుంటే ఒక్కో ఇంటికి 1,100. సర్కారు స్లాబులో 349.50 పడాల్సిన ఇంటికి!

మా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో సగం మంది ఇలాంటి పోర్షన్లలోనే ఉంటారు. ఇంకో ముప్పు. ప్రభుత్వ పథకాలకి పెట్టిన ఆరంచెల పరిశీలనలో, ఆరు నెలల సగటు 300 యూనిట్లు దాటకూడదని ఒక నిబంధన. ఆ ఉమ్మడి మీటరుకి ముడిపడిన కుటుంబం 330 దగ్గర ఆగిపోతుంది. ముసలమ్మ పింఛను కోసం సచివాలయం మెట్లెక్కి "మా ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను బాబూ" అని చెప్పుకోవాల్సి వస్తుంది.


ఆటోనగర్ అద్దింటివాడు | సాయంత్రం 4.10

మాస్టారు రాసింది మా ఇంటి సంగతే. గాజువాకలో రేకుల షెడ్డు పోర్షన్, యూనిట్ పది. నిరుడు విడిగా మీటరు పెట్టించుకుంటాను, డిపాజిట్టు నేనే కడతాను అని ఓనరుని అడిగాను. "అగ్రిమెంటు అయ్యాక చూద్దాంలే" అన్నాడు. అగ్రిమెంటు అయ్యాక ఖాళీ చెయ్యమన్నాడు. ఇప్పుడున్న పోర్షన్‌లో నోరెత్తలేదు.

నాకు సర్వీసు నంబరే తెలీదు. కాబట్టి మీ ఫండు పద్ధతిలో నాలాంటివాడు అసలు లెక్కలోకే రాడు. తప్పుపట్టడం లేదక్కా, మీకు తెలియాలని.


పాత లైన్‌మన్ | సాయంత్రం 5.00

బాబూ, చట్టంలో సెక్షన్ 43 చూడు. ఇంటి యజమాని గానీ, అందులో ఉండేవారు గానీ దరఖాస్తు పెట్టుకుంటే కనెక్షన్ ఇవ్వాలనే ఉంది. ఉండేవారు అంటే నువ్వే. ఆచరణలో ఓనరు అంగీకార పత్రం అడుగుతారు, చిక్కంతా అక్కడే. ఢిల్లీలో 2019 సెప్టెంబరులో దీనికే ఒక పద్ధతి పెట్టారు. అద్దె ఒప్పందమో, అద్దె రసీదో చూపించి, మూడు వేలు డిపాజిట్టు కడితే ఓనరు సంతకంతో పని లేకుండా అద్దెవాడికి ప్రీపెయిడ్ మీటరు ఇస్తారు. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు? ప్రభుత్వాన్ని అడగాల్సిన వాటిలో నేనైతే దీన్నే మొదట పెడతాను. ఉచిత యూనిట్లైనా, రాయితీ అయినా, మీ ఫండైనా, ఏది రావాలన్నా మీటరు గుండానే రావాలి. మీటరు లేనివాడికి ఏదీ రాదు.


కేజీహెచ్ దగ్గర నర్సమ్మ | రాత్రి 8.40

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. ఎవరికి ముందు ఇవ్వాలని అడిగారు కదా మేడం, నేను చెప్తాను.

ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్ళని ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెట్టుకోమని ఇంటికి పంపిస్తాం. రోజుకి కనీసం పదిహేను గంటలు పెట్టుకోవాలి. మిషను అద్దెకి దొరుకుతుంది, దాతలు కూడా ఇస్తారు. కరెంటు సంగతి మాత్రం ఎవరూ ఆలోచించరు. ఐదు లీటర్ల మిషను సుమారు 350 వాట్లు లాగుతుంది. పదిహేను గంటల చొప్పున నెలకి 157 యూనిట్లు. మాస్టారి లెక్కలో వేసి చూశాను. నెలకి 100 యూనిట్లు కాల్చే ఇంటికి 304.50 పడేది, మిషను వచ్చాక 257 యూనిట్లయి 1,297 పడుతుంది. ప్రతి నెలా.

ఒక తాత ఉండేవాడు, స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసి మానేసినవాడు. చెకప్‌కి వచ్చినప్పుడల్లా ఆక్సిజన్ శాతం తక్కువే ఉండేది. మిషను పాడైందేమో అనుకున్నాం. చివరికి వాళ్ళ కోడలు పక్కకి పిలిచి చెప్పింది. బిల్లుకి భయపడి రాత్రి అందరూ పడుకున్నాక ఆయనే స్విచ్ ఆపేసి, తెల్లారేలోపు లేచి మళ్ళీ వేసేవాడట. కరెంటు ఎవరూ తియ్యలేదు. ఆయనే తీసేసుకున్నాడు.

ఇలాంటి ఇళ్ళు మీ దగ్గరికి రావు. బాకీ ఉండదు, గడువులోపే కట్టేస్తారు. మనమే వెతుక్కుంటూ వెళ్ళాలి. ఇన్సులిన్, నెబ్యులైజర్, ఆక్సిజన్ ఉన్న ఇంటికి "ఏడాదికి ఒక్కసారి" అన్న నియమం పెట్టకండి మేడం.


మర్రిపాలెం మేడ | రాత్రి 9.25

నర్సమ్మగారూ, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. ఆ నియమం రేపే మారుస్తాం.


ఒహాయోలో ఎంవీపీ కాలనీ వాడు | మే 12, ఉదయం 5.30

ఇక్కడ పదకొండేళ్ళుగా ఉంటున్నాను. అమెరికాలో ఇలాంటి దానికి 1981లో చేసిన చట్టం కింద కేంద్ర పథకం ఉంది, లిహీప్ అంటారు. పేద ఇళ్ళకి చలికాలం వేడికి, ఎండాకాలం చల్లదనానికి అయ్యే బిల్లులో సాయం. అందులో అత్యవసరం అని విడిగా ఒక విభాగం. కనెక్షన్ తీసే ప్రమాదంలో ఉన్న ఇల్లు దరఖాస్తు పెడితే 48 గంటల్లో ఏదో ఒక పరిష్కారం చూపాలి. ప్రాణం మీదికొచ్చే పరిస్థితైతే 18 గంటల్లో. గంటల లెక్క చట్టంలోనే రాశారు. డాక్టరు కాగితం ఉంటే కొంతకాలం కనెక్షన్ తియ్యకూడదనే నిబంధన చాలా రాష్ట్రాల్లో ఉంది. మరీ చలి, మరీ వేడి రోజుల్లో తియ్యకూడదని కూడా కొన్నిచోట్ల ఉంది.

అంతా బాగుందని కాదు. డబ్బు ఏటా చాలదు, అర్హత ఉన్నవాళ్ళలో చాలామందికి అందదు. కానీ గంటలు లెక్కపెట్టడం, డాక్టరు చీటీకి విలువివ్వడం మనం తీసుకోదగ్గవి. రెండోదానికైతే పైసా ఖర్చు లేదు.

ఆరు నెలలకి సరిపడా నా వంతు పంపిస్తాను. ఎలాగో చెప్పండి.


రిటైర్డ్ క్యాషియర్ | ఉదయం 8.20

రాత్రంతా ఆ తాత సంగతే మెదిలింది. నిన్న నేను రాసిన "అలవాటు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. జాలారిపేట అమ్మాయి నొచ్చుకుని ఉంటే క్షమించాలి.

డబ్బు లెక్క మాత్రం వదలను. ప్రభుత్వాన్ని అడిగితే రేపు డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, నష్టాలంటుంది, ఆ నష్టం మళ్ళీ ట్రూ అప్ రూపంలో అందరి బిల్లులోకీ వస్తుంది. చట్టం సెక్షన్ 65 చదివాను. ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వాలనుకుంటే ఆ సొమ్ము రాష్ట్ర ప్రభుత్వం ముందుగానే డిస్కంకి చెల్లించాలి. కాబట్టి మనం అడిగేది "బిల్లు మాఫీ చెయ్యండి" అని ఉండకూడదు. "జిల్లాకి ఇంత అని అత్యవసర నిధి ముందే పెట్టండి, అందులోంచి సర్వీసు నంబరుకి జమ చెయ్యండి" అని ఉండాలి. అలా అయితే డిస్కంకి నష్టం లేదు, పక్కింటివాడి బిల్లు పెరగదు.


గోపాలపట్నం ఎలక్ట్రీషియన్ | ఉదయం 9.05

ఒక చిన్న మాట. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 28 వాట్లు. రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి 27 యూనిట్లకి బదులు 10. మిషను ఉన్న ఇళ్ళకి, ముసలివాళ్ళున్న ఇళ్ళకి బిల్లుతో పాటు ఒక ఫ్యాను ఇవ్వగలిగితే ఏటేటా అడగాల్సిన అవసరం తగ్గుతుంది. బిగించడానికి నేను డబ్బు తీసుకోను. సోలార్ పెట్టుకోమని కొందరంటారు గానీ, రేకుల షెడ్డులో అద్దెకుండేవాడికి మేడ ఎక్కడిదండి.


డాబాగార్డెన్స్ ట్యూషన్ మాస్టారు | ఉదయం 10.15

ఎండ ఎక్కువున్న రోజుల్లో కనెక్షన్ తియ్యొద్దని అడగాలన్న ఆలోచన బాగుంది. విపత్తుల నిర్వహణ సంస్థ రోజూ మండలాల వారీగా వడగాలుల జాబితా ఇస్తూనే ఉంది, దాన్నే ఆధారం చెయ్యమందామా అనుకున్నాను. తర్వాత ఆగాను. తీరప్రాంతంలో వడగాలి అనాలంటే థర్మామీటరు కనీసం 37 డిగ్రీలు చూపించాలి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు పెరగాలి. మన ఊళ్ళో 34 దగ్గరే సముద్రపు తేమతో చొక్కా పిండుకుంటాం. ఆ జాబితా పట్టుకుంటే విశాఖకి దక్కే రోజులు చాలా తక్కువ.

దానికంటే క్యాలెండరు పట్టుకోవడం మేలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14. వేట బందు తేదీలే. రాబడి లేని రోజులూ, ఉక్క రోజులూ రెండూ అందులోనే ఉన్నాయి. ఆ 61 రోజులూ పేద ఇళ్ళ కనెక్షన్ తియ్యకుండా, బాకీని జూలై నుంచి వాయిదాల్లో వసూలు చెయ్యమని అడుగుదాం.


పాత లైన్‌మన్ | ఉదయం 10.40

మాస్టారు చెప్పింది జరిగే పని. వాయిదాలు కొత్తేం కాదు, నా కాలంలోనే అధికారులు అడిగినవాళ్ళకి ఇచ్చేవారు. అడగొచ్చని జనానికి తెలియదు, అంతే. అర్జీ సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో ఇద్దాం. వ్యక్తిగత బిల్లు తగువులైతే 1912కి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి, అక్కడ తేలకపోతే డిస్కంలోని వినియోగదారుల ఫోరం, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. ఇక ఏటా నవంబరు ఆఖరుకి డిస్కంలు వచ్చే ఏడాది లెక్కలు కరెంటు రేట్లు నిర్ణయించే నియంత్రణ మండలికి ఇస్తాయి, తర్వాత బహిరంగ విచారణ పెడతారు. మామూలు మనిషి కూడా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి మాట్లాడొచ్చు. అక్కడ ఎప్పుడూ పరిశ్రమల వాళ్ళే కనిపిస్తారు. నర్సమ్మగారు ఆ 157 యూనిట్ల లెక్క అక్కడ నిలబడి చెప్తే బాగుంటుంది.


కేజీహెచ్ దగ్గర నర్సమ్మ | మధ్యాహ్నం 1.15

సెలవు పెట్టుకుని వస్తాను.


మర్రిపాలెం మేడ | సాయంత్రం 6.50

అందరి మాటా విని మా కమిటీలో ఇప్పుడే మాట్లాడుకున్నాం. ఇకనుంచి కనెక్షన్ తీసే తేదీకి ఐదు రోజుల ముందే కడతాం. అందుకు ప్రతి కొండవాలులో ఒక మనిషిని పెట్టుకుంటాం, ఎక్కువగా మా ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళే ఒప్పుకున్నారు, ఎవరింట్లో ఏముందో వాళ్ళకే తెలుసు. మందు ఫ్రిజ్‌లో ఉన్నవాళ్ళకి, మిషను మీద ఉన్నవాళ్ళకి ఎన్నిసార్లైనా. రేషన్ కార్డు చూపించమని అడగం. ఉమ్మడి మీటరు వల్ల అది ఆగిపోయినవాళ్ళే మా తొమ్మిదిలో ఇద్దరున్నారు.

అద్దెవాళ్ళ విషయంలో ఇంకా తెగలేదు. ఓనరు సర్వీసు నంబరుకే కట్టి, ఆ మేరకు అద్దెలో తగ్గించినట్టు చీటీ రాయించుకుందామని ఒకరన్నారు. ఓనరు పది రూపాయల లెక్కే వేస్తే మన డబ్బు ఆయన లాభంలోకి పోతుందని ఇంకొకరు. రెండూ నిజమే. తమ్ముడూ, ఆటోనగర్ అద్దింటివాడూ, నీకేమనిపిస్తోందో చెప్పు, నిన్ను అడక్కుండా నిర్ణయించం.

జాలారిపేట బిల్లు మధ్యాహ్నం కట్టేశాం. క్యాషియర్ గారు ఇచ్చారు. పేరు చెప్పొద్దన్నారు, నేను చెప్పేస్తున్నాను.


జాలారిపేట అమ్మాయి | రాత్రి 7.30

రసీదు వచ్చినాది. సార్, నాకు మీమీద కోపం లేదు. జూన్ 15న బోట్లు ఎల్తాయి. ఆ తర్వాత నెలకి వంద నేనూ ఏస్తాను, మాయమ్మ ఒప్పుకుంది. మా పేటలో ఎవరికి ఏ తారీకున తీసేస్తారో రాసి పెట్టే పని కూడా నాకే ఇవ్వండి మేడం.


ఆటోనగర్ అద్దింటివాడు | రాత్రి 8.15

అక్కా, ఓనరు చేతిలోకి మాత్రం వద్దు. సబ్ మీటరు రీడింగ్ నేను నెలనెలా ఫొటో తీసి పెడతాను. మాస్టారి స్లాబు లెక్క ప్రకారం నా వంతు ఎంతో అంతే మీరు సర్వీసు నంబరుకి కట్టండి, ఆ రసీదు నేను ఓనరుకి చూపిస్తాను. ఆయన ఒప్పుకుంటాడో లేదో తెలీదు. నంబరు కనుక్కోవడమే ముందు పని.


పాత లైన్‌మన్ | రాత్రి 8.40

ఆదివారం పదింటికి కంచరపాలెం మెట్టు దగ్గరికి వస్తాను, అక్కణ్ణుంచి ఆ తొమ్మిది ఇళ్ళకీ నడుద్దాం. మార్చి, ఏప్రిల్ బిల్లులు తీసి ఉంచమనండి. కాగితం పోయినా పర్వాలేదు. బాబూ, మీ ఇంటి మీటరు పెట్టె మీద పెయింటుతో రాసుంటుంది చూడు, అదే సర్వీసు నంబరు. దుమ్ము పట్టి ఉంటుంది, తడిగుడ్డతో తుడువు. పెట్టె తెరవకు.